1.20 అంటే ఎంత?

పటాలు కుట్టడం నా పని. వేర్వేరు ఆఫీసులు గీసిన హద్దుల్ని కంప్యూటర్లో అతుకు కనబడకుండా కలపాలి. అదెంత చిక్కో రామసముద్రం మండలం పొలిమేరలో తెలిసింది. గట్టు దాటితే కర్ణాటక: కోలారు జిల్లా, శ్రీనివాసపురం తాలూకా. మాట రెండు పక్కలా తెలుగే, రికార్డులు మాత్రం వేరు.

ఇటు అడంగల్‌లో 1.20 అంటే ఎకరా ఇరవై సెంట్లు. అటు పహణీలో అదే అంకె ఎకరా ఇరవై గుంటలు. ఎకరాకు 40 గుంటలు కాబట్టి, ఎకరన్నర! ముప్పై సెంట్ల తేడా. కంప్యూటరు కంటికి రెండూ 1.20యే. టమాటా నారు కొనేవాణ్ణి అడగండి, ముప్పై సెంట్లంటే ఎంతో చెప్తాడు.

అంకెల తగువు లెక్కతో తీరిపోతుంది. గుంటకు రెండున్నర సెంట్లు వేసుకుంటే సరి. కాలం తగువు ఇంకొంచెం మొండిది. 2022 ఏప్రిల్ 4న ఈ మండలం చిత్తూరు జిల్లా నుంచి అన్నమయ్య జిల్లాకు మారింది. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల చోట ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. అందుకే ప్రతి చేనుకూ ‘ఏ తేదీ నాటికి’ అన్న గడి ఒకటి పెట్టుకున్నాను.

నన్ను ముంచింది మాట. కర్ణాటక రికార్డులో ‘ఖరాబు’ అని ఉంటే, మన పోరంబోకే కదా అని జత చేసేశాను. పటంలో ఆ తునకలన్నీ సర్కారు రంగు పూసుకున్నాయి. రెండు పక్కలా చేలున్న ఓ పెద్దాయన తెరలోకి తొంగి చూసి, “ఏం సార్, మా తాత కళ్లాన్ని పోరంబోకు చేసేస్తిరే!” అన్నాడు.

ఆయనే చెప్పాడు. ఖరాబులో ‘ఎ’, ‘బి’ అని రెండు రకాలట. సాగుకు పనికిరాని రాతినేల, కళ్లం, చేలోని కొట్టం ‘ఎ’. దానికి శిస్తు లేదు గానీ అది రైతు కమతంలోదే. దారి, వంక లాంటివి ‘బి’, అవి అందరివీ. తర్వాత నిబంధనలు తిరగేస్తే అక్షరాలా అంతే ఉంది. ముందే తిరగేసి ఉండాల్సింది. నేను మాటకు మాట వెతికాను గానీ, ఆ నేల ఎవరిదని అడగలేదు.

అక్కడే కూర్చుని ఖరాబును రెండు వరుసలుగా చీల్చాను. కళ్లం రంగు మారింది. దాని పక్కనే సన్నటి తునక ఒకటి, అదీ ఆయన పేరు మీదికే వచ్చింది. ఆయన తెర మీద వేలు పెట్టి ఆపాడు.

“ఇది వంక సార్. నాకు రాయొద్దు.”