జానకి కాదండీ, శైలజ

మొన్న వేసవిలో బల్లార్‌పూర్‌లో ఒక పెళ్లికి వెళ్లాను. పెళ్లికొడుకు వాళ్లది బొగ్గుగని కుటుంబం. తాత హయాంలో కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయారు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే మరాఠీ. చంద్రపూర్‌ని ఇప్పటికీ చాందా అనే తరం అన్నమాట. తాళి కట్టే వేళకి మైకులో 'మాటే మంత్రము' వేశారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన కళ్లు మూసుకుని, "జానకమ్మ గొంతు గొంతే" అన్నాడు.

"జానకి కాదండీ, శైలజ."

"ఏ శైలజ?"

"ఎస్.పి. శైలజ. బాలుగారి చెల్లెలు."

"ఓ, ఆ అమ్మాయా!"

ఆ అమ్మాయికి అరవై దాటాయి.

ఆ పెద్దాయన్ని తప్పు పట్టను. నాకు ఆమె పేరు తెలియడం నా గొప్ప కాదు, రేడియోది. మా ఇంట్లో హైదరాబాద్ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ మీద పగలంతా గరగరలాడేది, చీకటి పడ్డాక తేటపడేది. పాటకి ముందు సినిమా పేరు, రాసినవారు, పాడినవారు అన్నీ చదివేవారు. మీడియం వేవ్‌లో తబలా అడుగు శబ్దం పోతుంది, వయొలిన్ల మెరుపు పోతుంది. మిగిలేది గొంతు ఒక్కటే. ఆ వడపోతలో నిలిచిన గొంతుల్లో ఆమెది ఒకటి.

హిందీ వాళ్లకి పాప్ అని వేరే ఒకటి ఉండేది. 1981లో నాజియా హసన్ 'డిస్కో దీవానే' వచ్చింది. మనకి ఆ గదీ సినిమా పాటదే. అదే ఏడాది 'సీతాకోకచిలుక' వచ్చింది. దర్శకుడు భారతీరాజా, సంగీతం ఇళయరాజా. 'మాటే మంత్రము' అందులోదే, రాసింది వేటూరి. వేదాశీర్వచనంతో మొదలవుతుంది కనుక పెళ్లిపందిట్లో ఈ పాటకి ఎవరూ అడ్డు చెప్పరు. సినిమాలో అది హిందూ అబ్బాయి, క్రైస్తవ అమ్మాయి ప్రేమకథ అని, ఆ జంటకి ఏ పందిరీ దొరకలేదని ఎవరికీ గుర్తుండదు.

ఆ పల్లవిని ఒకసారి చెవి పెట్టి వినండి. నిండా మకారాలే. మ పలకాలంటే పెదవులు మూయాలి. అంత నెమ్మదైన పాటలో మాట మాటకీ పెదవి మూసి తెరుస్తుంటే రాగం దారంలా తెగిపోవాలి. కొందరు మకారాన్ని తేల్చేసి అచ్చు మీదికి దూకేస్తారు, అప్పుడు మాట నలుగుతుంది. కొందరు నొక్కి పలుకుతారు, అప్పుడు పాట ముక్కలవుతుంది. శైలజ పెదవి మూసినంతసేపూ నాదాన్ని ముక్కులో నిలిపి ఉంచుతుంది. పెదవి తెరిచేసరికి స్వరం మూసినప్పుడు ఎక్కడుందో అక్కడే ఉంటుంది. చరణం చివర కూడా ఆ స్వరాన్ని సాగదీయదు, ఒణికించదు. చెప్పాల్సింది చెప్పి ఊరుకుంటుంది.

ఇదే బాణీని తమిళంలో ఇళయరాజా, జెన్సీ పాడారు. అదీ అందమైన పాటే. జెన్సీ గొంతులో తొలిప్రేమ బెదురు ఉంటుంది. శైలజలో అదే వయసు మొండితనం వినిపిస్తుంది. ఇంట్లోవాళ్లని కాదనుకుని వెళ్లే పిల్లకి ఏది కావాలంటే, నేను రెండోదే అంటాను.

తెలుగులో బాలు, శైలజ కలిసి పాడారు. అన్నాచెల్లెళ్లు ప్రేమపాట పాడటం చిన్నప్పుడు నాకు వింతగా ఉండేది. ఇప్పుడు అందులో ఒక లాభం కనిపిస్తోంది. నెల్లూరులో ఒకే ఇంట్లో నేర్చిన మాట ఇద్దరిదీ. అచ్చులు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. బాలు వదిలిన మాటని ఆమె అందుకుంటే అతుకు కనపడదు. అయితే గుర్తింపు దగ్గర ఆ అతుకులేనితనమే ఆమె కొంప ముంచింది. కనపడని అతుకుని ఎవరు మెచ్చుకుంటారు?

ఇక జానకి సంగతి. 1983లో వచ్చిన 'సాగర సంగమం'లో శైలజ నటించింది కూడా. జయప్రద కూతురి పాత్ర, పేరు కూడా శైలజే. సినిమా మొదట్లో 'ఓం నమశ్శివాయ' పాటకి వేదిక మీద నాట్యం చేస్తుంది. ఆ పాట పాడింది జానకి. పేరున్న గాయని తెర మీద ఇంకో గాయని గొంతుకి ఆడింది! పెళ్లిలో పెద్దాయన పొరపాటుకి విత్తనం ఎక్కడైనా ఉంటే అక్కడే ఉండాలి. ఆ నాట్యంలో లోపాలున్నాయని కమల్ హాసన్ పాత్ర దులిపేస్తుంది. చివర్లో ఆయన దగ్గరే నేర్చుకుని 'వేదం అణువణువున' పాటకి ఆడుతుంది. అప్పుడు వినిపించే ఆడగొంతు ఆమెదే. దర్శకుడు కె. విశ్వనాథ్ కావాలని చేశారో లేదో గానీ, అహంకారంతో ఆడినప్పుడు అరువు గొంతు, అర్థమయ్యాక సొంత గొంతు.

ఆ పాట హంసానందిలో ఉంది. మా పక్కింటి మరాఠీ మాస్టారు ఒకసారి విని "ఇది మా సోహనీ కదా" అన్నారు. హంసానందిలో పంచమం లేదు. షడ్జమం నుంచి బయలుదేరిన గొంతు మధ్యలో కాసేపు కూర్చోవడానికి అరుగులాంటి స్వరం పంచమం. అది తీసేస్తే నిలబడే పాడాలి. శైలజ ఆ లోటుని గమకాలతో కప్పదు. స్వరాన్ని నేరుగా తాకి వదులుతుంది, కాళ్లకి తాళం అందేలా. బాలు పక్కన పొంగుతుంటే ఆమె గట్టులా ఉంటుంది. ఈ సినిమాకే బాలుకి జాతీయ పురస్కారం వచ్చింది.

ఆమెవి అన్నీ నాకు నచ్చుతాయని కాదు. హుషారు పాటల్లో నా చెవికి గొంతు పలచబడినట్టుంటుంది. ఆ చిలిపితనం జానకి సొత్తు, అక్కడ పోటీ లేదు. కానీ పల్లెగొంతు కావాలంటే 1980 నాటి తమిళ చిత్రం 'జానీ'లో 'ఆశైయ కాత్తుల' వినండి. భాష రాకపోయినా పరవాలేదు.

నాకు అన్నింటికంటే ఇష్టమైంది మాత్రం 'స్వాతిముత్యం'లోని 'రామా కనవేమిరా'. 1986 సినిమా. సీతా స్వయంవరం హరికథ. హరికథలో గొంతు అందంగా ఉంటే చాలదు. కథ నడవాలి, చివరి వరసలో కూర్చున్నవాడికి మాట తెలియాలి, వచనం ఎప్పుడు పాటైందో తెలియకూడదు. శైలజ ఇక్కడ గొంతులోని మెత్తదనాన్ని పక్కన పెట్టేస్తుంది. హల్లులు గట్టిగా, చిడతల్లా పడతాయి. పక్కన బాలు ఉన్నాడు, అయినా ఇక్కడ ఒదిగి ఉండటం లేదు, సమానంగా నిలబడింది. ఈ పాట దగ్గరికి వచ్చేసరికి ఇద్దరిలో ఎవరూ కొత్తగా నేర్చుకోవాల్సింది లేదు. వాళ్ల నాన్న సాంబమూర్తిగారు హరికథకులు.