ప్లగ్గు విప్పి చూడందే

బండి మిస్సింగ్ కొడుతోందంటే గోదావరి జిల్లాల్లో పాతకాలపు మెకానిక్కు ముందు చేతికి తీసుకునేది ప్లగ్గు పానా. ఆర్‌ఎక్స్ 100 రోజుల్లో ఈ విద్య తెలియని షెడ్డు లేదు. ప్లగ్గు విప్పి, వెలుతురుకి పెట్టి మూతి చూసేవారు. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. జిడ్డుగా తడిసి ఉంటే ఆయిలు. లేత ఇటుక రంగయితే ఇంజిన్ కులాసా. పింగాణీ తెల్లగా పాలిపోయి పొక్కులు లేస్తే లోపల వేడి హద్దు దాటింది. స్కానర్లు వచ్చాక ఇదంతా మొరటు పద్ధతి అనిపించుకుంది. నన్నడిగితే, ట్యూన్ చేసిన టర్బో కారుకి ఈ చూపు మునుపటికన్నా ఎక్కువ కావాలి.

యానాంలో పీవై 04 నంబరుతో తిరిగే పోలో జీటీ ఒకటుందనుకోండి. 2013లో వచ్చిన దాని 1.2 టీఎస్ఐ ఇంజిన్ కంపెనీ లెక్కన 105 పీఎస్. రీమ్యాప్ చేసి బూస్ట్ పెంచితే అవే సిలిండర్లలోకి గాలీ పెట్రోలూ ఇంకా ఎక్కువ వెళతాయి, వేడి పెరుగుతుంది. ప్లగ్గు మొన దాదాపు 500 డిగ్రీల సెల్సియస్‌కి చేరితేనే పట్టిన మసి కాలిపోతుంది. అదే 900 దగ్గరికి వెళ్లిందా, స్పార్క్ పడకముందే మిక్చర్ అంటుకుంటుంది. పిస్టన్లు కరిగేది అలాంటప్పుడే.

అందుకే చల్లని ప్లగ్గు. దాని లోపలి పింగాణీ ముక్కు పొట్టిగా ఉండి, వేడిని త్వరగా హెడ్డుకి దాటిస్తుంది. కొనేటప్పుడు అంకెలతో జాగ్రత్త: ఎన్‌జీకేలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లన, బాష్‌లో పెరిగేకొద్దీ వేడి. 75 నుంచి 100 హార్స్‌పవర్ పెరిగితే ఒక మెట్టు చల్లని ప్లగ్గు వేయాలని ఒక లెక్క చెబుతారు. చిన్న ఇంజిన్‌కి అది గుడ్డిగా పనికిరాదు, పెరిగిన బలాన్ని ఎన్ని సిలిండర్లు పంచుకుంటున్నాయో కూడా చూడాలి. తేలికపాటి రీమ్యాప్‌కి చాలాసార్లు కంపెనీ ప్లగ్గే చాలు. చల్లని ప్లగ్గు పవర్ పెంచదు, ఇంజిన్‌ని కాస్తుందంతే. యానాం వీధుల్లో, ఏటిగట్ల మీద రెండో గేరులో తిరిగే బండికి రెండు మెట్లు చల్లనిది వేశారా, మసి కాలదు, పొద్దున్నే స్టార్టింగ్ ట్రబుల్. 216 హైవే మీద కాకినాడకి ఏకబిగిన వెళ్లొచ్చేవాడికైనా ఒక మెట్టు దాటక్కర్లేదు.

గ్యాపు సంగతి వేరు. బూస్ట్ పెరిగి గాలి చిక్కబడితే స్పార్క్ దూకడానికి వోల్టేజీ ఎక్కువ కావాలి. కాయిల్ అందుకోలేకపోతే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడే బండి తడబడుతుంది. 0.8 మిల్లీమీటర్లున్న గ్యాపుని 0.7కో, కొంచెం కిందికో తెస్తారు. మరీ తగ్గిస్తే ఐడ్లింగులో వణుకు. ఇరిడియం ప్లగ్గయితే పాత అలవాటు మానాలి: ఎమ్రీ కాగితం తగలకూడదు, నడిమి మొన మీద పనిముట్టు ఆనకూడదు. పక్కనున్న కొక్కేన్నే మెల్లగా వంచాలి.

రంగు చూడటానికీ ఒక పద్ధతుంది. ఇంజిన్‌ని పూర్తి లోడు మీద లాగించి, ఐడ్లింగుకి వదలకుండా అప్పటికప్పుడు ఆపి, చల్లారాక ప్లగ్గు విప్పాలి. రోడ్డు మీద కాదు, డైనో మీదే. ఇంటిదాకా నెమ్మదిగా నడిపి విప్పితే కనిపించేది ఆ నెమ్మది నడక రంగే. సీసం లేని ఈనాటి పెట్రోలుతో పింగాణీ మీద రంగు సరిగ్గా పట్టదు కూడా. కాబట్టి కొక్కెం మీద వేడికి రంగు మారిన గీత వెతకండి. అది వంపు దగ్గర ఆగితే ప్లగ్గు సరిపోయింది. కొసకే ఉంటే మరీ చల్లన, మొదలుదాకా పాకితే మరీ వేడి.

పింగాణీ మీద మెరిసే సన్నటి చుక్కలు కనిపిస్తే మాత్రం ఆగాలి. అవి పిస్టన్ నుంచి రాలిన అల్యూమినియం. ఇంజిన్ నాక్ అవుతోందన్నమాట. ఆంధ్ర వైపు కన్నా చవకని యానాం బంకుల్లో ట్యాంకు నింపుకునేవాళ్లు ఎందరో. కానీ ఎక్కువ ఆక్టేన్‌కి రాసిన మ్యాప్ మీద మామూలు పెట్రోలు పోస్తే అది ఎక్కడ కొన్నా ఇదే గతి. దానికి మందు ఇంకో మెట్టు చల్లని ప్లగ్గు కాదు. బండిని మ్యాప్ వేసినవాడి దగ్గరికి తీసుకెళ్లి బూస్టూ టైమింగూ తగ్గించమనాలి.