మెషిన్ పేరు అడగని పాఠం

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి మారదామంటే ఇంటెల్ మెషిన్‌లో దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్, దాంతోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. పల్నాడు పల్లెల నుంచి డిగ్రీకో ఇంజినీరింగ్‌కో నరసరావుపేట వచ్చే పిల్లల్లో చాలామంది చేతుల్లో ఉండేవి సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు. మిర్చికి ధర పలికిన ఏడు కొన్నవి, అన్న వాడేసి తమ్ముడికి ఇచ్చినవి. వాటిని మూలన పడేయాల్సిన పనిలేదు. ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌లో తేలికపాటి ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేస్తే 4 జీబీ ర్యామ్‌తో కూడా బాగానే నడుస్తాయి. అడిగినవాళ్లకు వేసిస్తుంటాను. వేశాక అందరూ అడిగేది ఒకటే: "సార్, నా కోర్సు దీంట్లో ఓపెన్ అవుద్దా?"

అవుద్ది. ఒకప్పుడు ఈ మాట ఇంత ధైర్యంగా చెప్పగలిగేవాళ్లం కాదు. అప్పట్లో చాలా కోర్సులకు బ్రౌజర్‌కు విడిగా తగిలించే ప్లగిన్లు కావాలి: యాక్టివ్ఎక్స్ అంటే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఉండాల్సిందే, సిల్వర్‌లైట్ అంటే విండోసో మ్యాకో కావాల్సిందే. ఫ్లాష్‌ను కూడా అడోబీ 2020 డిసెంబర్ 31తో ఆపేసింది. ఇప్పుడు వీడియో ఆడించడానికైనా క్విజ్ రాయించడానికైనా హెచ్‌టీఎంఎల్5, జావాస్క్రిప్ట్ చాలు. ఐఐటీలు 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ పాఠాలు, 2017 జులైలో వచ్చిన స్వయం కోర్సులు, కాలేజీలు వాడే మూడుల్, ఇవన్నీ ఫైర్‌ఫాక్స్‌లోనో క్రోమ్‌లోనో తెరుచుకుంటాయి. పైగా ప్రపంచంలో వెబ్ సర్వర్లు ఎక్కువ భాగం నడిచేదే లినక్స్ మీద.

మరి ఆగేది ఎక్కడ? ఏ పేజీ తెరిచినా బ్రౌజర్ తానెవరో ఒక వరుసలో చెప్పుకుంటుంది. దాన్ని యూజర్ ఏజెంట్ అంటారు. లినక్స్‌లోని ఫైర్‌ఫాక్స్ అయితే అందులో 'ఎక్స్11; లినక్స్' అని ఉంటుంది. గురజాల వైపు అమ్మాయి ఒకామె తెచ్చిన ల్యాప్‌టాప్‌లో ఒక ట్రైనింగ్ పోర్టల్ ఈ మాట చూడగానే 'మీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు సపోర్ట్ లేదు' అని ఎర్ర పట్టీ వేసింది. లాగిన్ బాక్స్ కూడా చూపించలేదు. అడ్రస్ బార్‌లో 'అబౌట్:కాన్ఫిగ్' కొట్టి, 'జనరల్.యూజర్‌ఏజెంట్.ఓవర్‌రైడ్' అనే స్ట్రింగ్ ఒకటి కలిపి, విండోస్ ఫైర్‌ఫాక్స్ చెప్పుకునే వరుసను అందులో పెట్టాం. పేజీ రీలోడ్ చేస్తే లాగిన్ వచ్చింది. వీడియో ఆడింది, క్విజ్ సబ్మిట్ అయింది. మెషిన్ అదే, బ్రౌజర్ అదే, మారింది పేరొక్కటే. అంటే ఆ పోర్టల్ ఈ బ్రౌజర్ వల్ల అవుతుందా లేదా అని చూడకుండానే, పేరు చదివి ఆ పిల్లను బయట నిలబెట్టింది.

ఇలా పేరు మార్చడం పరీక్షలకు పనికిరాదు. నిఘా ఉన్న పరీక్షలో దాన్ని మోసంగా పట్టుకోవచ్చు. పరీక్షల కోసం చాలాచోట్ల వాడే సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ విండోస్‌కు, ఆపిల్ పరికరాలకు ఉంది గానీ లినక్స్‌కు లేదు. కాబట్టి ఫీజు కట్టకముందే పరీక్ష ఎక్కడ, ఏ సాఫ్ట్‌వేర్‌లో రాయాలో కనుక్కోమని పిల్లలకు గట్టిగా చెబుతాను.

మిగతా ఇబ్బందులు చాలావరకు చిన్నవే, వరుసగా చూసుకుంటూ పోతే తేలిపోతాయి. ముందు ప్రైవేట్ విండోలో తెరవండి. అక్కడ పనిచేస్తే తప్పు ఏదో ఎక్స్‌టెన్షన్‌దో పాత కుకీలదో. తర్వాత ఇంకో బ్రౌజర్‌లో చూడండి. వీడియో చోట నల్లగా ఉంటే ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో డీఆర్‌ఎం కంటెంట్‌కు టిక్ పెట్టండి. మైకు వినపడకపోతే అడ్రస్ పక్కనున్న పర్మిషన్ చూడండి. తెలుగు బదులు డబ్బాలు కనపడితే తెలుగు ఫాంట్ లేదన్నమాట. మింట్, ఉబుంటులలో 'ఫాంట్స్-టెలు' ప్యాకేజీ వేస్తే అక్షరాలు వస్తాయి. అప్పటికీ తేలకపోతే ఎఫ్12 నొక్కి, కన్సోల్‌లో ఎర్రగా ఉన్న మొదటి వరుసను కాపీ చేసి కోర్సువాళ్లకు పంపండి. 'పనిచేయడం లేదు' అని రాస్తే జవాబు రావడం కష్టం. ఆ వరుస పంపితే అవతల కోడ్ రాసినవాడికి ఎక్కడ చూడాలో తెలుస్తుంది. ఇలా వెతకడం అలవాటైన పిల్లలు కంప్యూటర్‌ను చూసి బెదరడం మానేస్తారు. ఈ పని నాకు నచ్చడానికి ఇదే పెద్ద కారణం.

లినక్స్‌కు అనుకూలంగా చేసిన కోర్సు ఎలా ఉంటుందో తెలియాలంటే ఐఐటీ బొంబాయిలో పుట్టిన స్పోకెన్ ట్యుటోరియల్ చూడండి. లిబ్రేఆఫీస్, సైల్యాబ్, పైథాన్ లాంటివాటిని చిన్నచిన్న వీడియోలుగా నేర్పుతుంది. వాటిలో చాలా పాఠాలు ఉబుంటు మీదే రికార్డ్ చేశారు, తెలుగు డబ్బింగ్ కూడా ఉంది. స్క్రీన్‌లో ఒక సగం పాఠం పెట్టుకుని రెండో సగంలో చేసి చూడమంటారు. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్లుగా లినక్స్‌తోనే కంప్యూటర్ నేర్పుతున్నాయి. మన దగ్గర స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే లినక్స్‌ను తయారుచేసింది. దారి కొత్తది కాదు.

అందుకే కోర్సులు కొనే కాలేజీలను, శాఖలను ఒక్కటి అడుగుతున్నాను. కొనుగోలు ఒప్పందంలో ఒక వాక్యం రాయించండి: 'లినక్స్‌లోని ఫైర్‌ఫాక్స్, క్రోమ్‌లలో పరీక్షించి చూపాలి, ఆపరేటింగ్ సిస్టమ్ పేరు చూసి ఎవరినీ ఆపకూడదు.' డబ్బులు చెల్లించేముందు మీ ల్యాబ్‌లోని పాత సిస్టమ్ ఒకదానికి లినక్స్ వేసి, లాగిన్ నుంచి సర్టిఫికెట్ దాకా మీరే నడిపి చూడండి. ఒక పూట పని. మాచర్లలో కొత్త ల్యాప్‌టాప్ కొనలేని ఇంటి పిల్లాడికి దాంతో కోర్సు మొత్తం అందుతుంది.