అరిగింది పన్నే, తప్పు దానిది కాదు

పాత చైను ట్రాక్టరు బరువు లాగుతూ లాగుతూ ఉన్నట్టుండి గేరు వదిలేసి న్యూట్రల్‌లో పడిందంటే, అరిగిన చక్రం ఏదో కనుక్కోవడం పెద్ద పని కాదు. గేరుపెట్టె మూత విప్పి టార్చిలైటు వేస్తే అదే కనిపిస్తుంది. దాన్ని తీసి కొత్తది వేస్తే తీరిపోతుందన్న నమ్మకంతోనే చిక్కంతా. ఈ బండ్లలో అరిగే భాగం ఒకటి, అరగదీసే భాగం ఇంకొకటి. ఆ రెండోదాన్ని పట్టుకోవడంలోనే ఈ మరమ్మతు విద్య పనితనమంతా ఉంది. వెల్డింగూ లేతూ దాని తరవాతే.

అమెరికాలో ఇప్పటికీ కొందరు ముచ్చటపడి నడుపుకుంటున్న క్యాటర్‌పిల్లర్ డి2 సంగతే చూడండి. హోల్ట్, బెస్ట్ అనే రెండు కాలిఫోర్నియా కంపెనీలు 1925లో కలిసిపోయి క్యాటర్‌పిల్లర్ అయ్యాయి. ఆ కంపెనీ డి2ను 1938 నుంచి 1957 దాకా తయారు చేసింది. ముందుకు అయిదు గేర్లు, వెనక్కి ఒకటి. సింక్రోమెష్ లాంటి సుఖాలేవీ లేవు. గాడుల షాఫ్టు మీద పళ్ళచక్రమే జరిగి వెళ్ళి రెండో చక్రంలో దూరాలి. చైను బండి కాబట్టి క్లచ్చి తీయగానే నేల పట్టుకు ఆగిపోతుంది, గేరు మార్చేది అప్పుడే. అయితే బండి ఆగినంత మాత్రాన లోపలి షాఫ్టు ఆగదు, పాత ఊపులో తిరుగుతూనే ఉంటుంది. దాన్ని నిలపడానికి క్లచ్చి దగ్గర ఒక చిన్న బ్రేకు ఉంటుంది. దాని లైనింగు అరిగినా, నూనె తడిసినా షాఫ్టు నిలవదు. డ్రైవరు ఓపిక పట్టడు, లివరు తోస్తాడు. పళ్ళు కరకరలాడతాయి. ఇలా ఏళ్ళు గడిచాక పన్ను చివర చెక్కేసిన పెన్సిల్లా ఏటవాలవుతుంది. ఇక బరువు పడ్డప్పుడల్లా ఆ వాలు చక్రాన్ని పక్కకు నెడుతుంది. ఆ నెట్టుడుకి చక్రాన్ని జరిపే ఫోర్కు అరుగుతుంది, చక్రం పూర్తిగా కలవదు, సగం పన్ను మీదే మొత్తం బరువు పడుతుంది. ఇన్ని తెలిశాక కూడా చక్రం ఒక్కటే మార్చి మూత బిగించేవాడు ఇంకో చక్రానికి ఇప్పుడే ఆర్డరిచ్చి పెట్టుకోవడం మంచిది.

అరిగిన ఫోర్కుకి వైద్యం సులువే. అరిగిన చోట గీకి శుభ్రం చేసి, కంచు కడ్డీతో బ్రేజింగు చేసి మందం పెంచుతారు. ఉక్కు కరగాల్సిన పని లేదు కాబట్టి ఫోర్కు వంకరపోయే భయం తక్కువ. చల్లారాక చక్రం గాడిలో పెట్టి చూస్తూ ఆకురాయితో కొంచెం కొంచెంగా దించుతారు. కంచు మెత్తన కాబట్టి మళ్ళీ అరిగేది ఫోర్కే అవుతుంది తప్ప ఖరీదైన చక్రం కాదు. మరి చక్రం పంటికి కూడా అలాగే వెల్డింగు పోసి సానపట్టకూడదా అని అడగవచ్చు. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, అమెరికాలోనైనా లోహం తెలిసినవాడు ఇక్కడ ఆగుతాడు. ఇలాంటి పళ్ళకు పైన సుమారు ఒక మిల్లీమీటరు మేర గట్టి పొర, లోపల కాస్త సాగే గుణమున్న ఉక్కు ఉంటాయి. వెల్డింగు వేడికి ఆ పొర మెత్తబడుతుంది, పక్కనే పెళుసైన చోటు ఒకటి ఏర్పడుతుంది. ముందుగా వేడి చేసి, బూడిదలోనో సున్నంలోనో పూడ్చి నెమ్మదిగా చల్లార్చితే పగుళ్ళు తగ్గుతాయి గానీ పాత గట్టిదనం తిరిగి రాదు. మెల్లగా తిరిగే, తేలిక పని చేసే చక్రానికైతే అది చెల్లుతుంది. వాలు మీద బండిని పట్టి నిలపాల్సిన చక్రానికి చెల్లదు. ఈ విషయంలో పొదుపు మాట నేను ఒప్పుకోను.

ఇంతకన్నా తెలివైన పొదుపు చైనును తిప్పే ఫైనల్ డ్రైవులో ఉంది. డోజరుగా వాడే చైను బండి బరువు తోసేది ఎక్కువగా ముందుకే కాబట్టి పళ్ళకు ఒక ముఖమే అరుగుతుంది, రెండోది దాదాపు కొత్తగా ఉంటుంది. రెండు పక్కల భాగాలూ ఒకే అచ్చులో ఉన్న బండ్లలో చైనును పట్టి లాగే ఎడమ స్ప్రాకెట్టును కుడికి, కుడిదాన్ని ఎడమకు వేస్తే అరగని ముఖం పనిలోకి వస్తుంది. కొత్త ఇనుము పట్టకుండానే బండికి ఇంకో ఆయుష్షు. బెవెల్ గేరూ పినియనూ మాత్రం ఇలా విడదీసే జంట కాదు. ఒకదానికొకటి ఒరుసుకుని కుదిరిన పళ్ళవి, మారిస్తే రెంటినీ మార్చాలి. పంటికి నీలిరంగు పూసి చేత్తో తిప్పి, ఆ రంగు ఎక్కడ చెరిగిందో చూసి, షిమ్ములనే పలచటి రేకులు తీస్తూ వేస్తూ ఒరుపును పంటి నడుముకి తెస్తారు. ఒక పూట పడుతుంది.

ఇంత శ్రమ దేనికి, ఇంత సొమ్ముకి కొత్త బండి రాదా అనే ప్రశ్నకు లెక్కల్లో జవాబు చెప్పబోతే మరమ్మతు చాలాసార్లు ఓడిపోతుంది. అది నిజమే. రోజుకు పది గంటలు పని కావలసినవాడు డి2 జోలికి పోకూడదు. మ్యూజియంలో కదలకుండా నిలబెట్టేదానికి కూడా అరిగిన పన్ను అరిగినట్టే ఉంటేనే మేలు, డ్రైవర్లు దాన్ని ఎలా నడిపారో చెప్పే ఆధారాల్లో అదొకటి. అయితే మళ్ళీ నడపదలచిన బండికి మరమ్మతు తప్పదు. అప్పుడు కూడా తీసేసిన చక్రాన్ని పాత ఇనుము కొట్టుకి వేయకుండా, ఏ పక్క, ఏ గేరు, ఏ ముఖం అరిగిందో చీటీ రాసి కట్టి షెల్ఫులో పెట్టడం మంచిది. రేపు కొత్త చక్రం అదే చోట అరగడం మొదలుపెడితే పక్కన పెట్టి పోల్చి చూసుకోవడానికి ఉంటుంది.