వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడు

ఇజు కొండల మడతలో కత్సురా ఏరు చల్లగా పారుతుంది. ఆ చలి నడుమ, బండ మీద, పొగలు కక్కుతూ నువ్వు. వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడని చిన్నపాటి సాయం గురించి మా ఇళ్ళల్లో అంటుంటారు. ఆ మాట కళ్ళెదుట పారుతూ కనిపించేది మాత్రం ఈ జపాను ఊళ్ళో, షుజెంజిలో.

నిన్ను పుట్టించింది ఒక కొడుకు కష్టమేనట. జబ్బుపడిన తండ్రి ఒంటిని ఈ చన్నీళ్ళతోనే కడుగుతున్న పిల్లవాణ్ణి చూసి బౌద్ధ గురువు కూకై స్వామి తట్టుకోలేకపోయాడు. చేతిలోని ఒంటిమొన వజ్రాయుధంతో బండను పొడిచాడు. నువ్వు ఉబికి వచ్చావు. అందుకే నీ పేరు తొక్కో నో యు, వజ్రపు వేన్నీళ్ళు. కథే కానీ, ఆ వజ్రం మాత్రం మనదే. కూకై స్వామి షింగోన్ గురుపరంపరలో మన నాగార్జునుడి పేరూ ఉంది మరి! గట్టు పైనున్న గుడిని 807లో ఆయనే నెలకొల్పాడంటారు. 1489లో అది సోతో జెన్ శాఖవారిదైంది. గుడి శాఖ మారింది, నీ వేడి మారలేదు.

నువ్వు కడిగినవన్నీ జబ్బులే అయితే ఎంత బాగుండును. కమకురా సైనిక పాలకుల్లో రెండోవాడైన షోగున్ యోరీయెను ఈ ఊళ్ళోనే బంధించారు. 1204లో చంపేశారు, అదీ స్నానం చేస్తుండగానట. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్ళు కూడా నిండలేదు. చంపించినవారు హోజోలు, అంటే కన్నతల్లి పుట్టింటివాళ్ళే. ఏ వైపు తిరిగి ఏడవాలి ఆ తల్లి?

ఏటికి అవతల ఆ తల్లి, మసాకో, కొడుకు కోసం ఒక మందిరం కట్టించింది. ఇజులో మిగిలిన చెక్క కట్టడాల్లో అదే పాతదంటారు. పేరు షిగెత్సుదెన్. చందమామను చూపే వేలు అన్న భావం ఆ పేరులో ఉంది. మన శాఖాచంద్ర న్యాయమే. లోపల శాక్యముని తామరపువ్వు పట్టుకుని కూర్చున్నాడు. మామూలుగా ఆయన చేతులు ఖాళీగా ఉంటాయి. ఆ పువ్వు ఆ తల్లికి ఇవ్వడానికేనని నేను నమ్ముతాను. పండితులు ఒప్పుకోనక్కర్లేదు.

1910లో కడుపుపుండు నుంచి తేరుకుందామని రచయిత నత్సుమె సొసెకి నీ ఊరికి వచ్చాడు. తేరుకోవడం మాట అటుంచి, నెత్తురు కక్కుకుని చావు గడప దాకా వెళ్ళాడు. బతికి బయటపడ్డాడు. ఆ ఘనత నీకు కట్టబెట్టను.

ఇప్పుడు నీలో ఎవరినీ మునగనివ్వరు. గట్టున నిలబడి చూడటమే. కానీ గుడి ముంగిట, దండం పెట్టేముందు చేతులు కడుక్కునే తొట్టిలోకి పడేవీ వేన్నీళ్ళే. తక్కిన గుళ్ళలో ఆ నీళ్ళు వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయి. వెళితే చలికాలంలోనే వెళ్ళండి.