పెంట చెప్పే కడుపు కబురు

నా దుకాణం బోర్డు మీద డయాగ్నస్టిక్స్ అని ఉంటుంది గానీ, ఉన్నమాట చెప్పాలంటే నాది నెత్తురూ మూత్రమూ పరీక్ష చేసే పని. సత్తుపల్లిలో చిన్న ల్యాబు. పొద్దున్నే పరగడుపున షుగరు వాళ్లు వస్తారు, వాళ్ల వెనక థైరాయిడ్ వాళ్లు, పదింటికల్లా నెల తప్పిన కోడళ్లు అత్తగార్లను వెంటబెట్టుకుని దిగుతారు. అదే సమయానికి మేడ మీద కోతుల మంద కూడా దిగుతుంది. అక్కడ వడియాలు ఎత్తుకుపోయే ఆడకోతికీ, కింద బెంచీ మీద కూర్చున్న మనిషికీ ఒంట్లో ప్రొజెస్టెరాన్ ఒక్కటే. రెండూ దగ్గరి రకాలని కాదు, అక్షరాలా అదే అణువు. ఈస్ట్రడయోల్ కూడా అంతే, టెస్టోస్టెరాన్ కూడా అంతే. హార్మోన్లు కొలిచి బతికేవాణ్ని కాబట్టి, ఈ పనే అడవిలో చేసేవాళ్ల మీద నాకు ఎప్పటినుంచో ఒక కన్ను.

వాళ్ల కష్టం నాకు లేదు. నా దగ్గరికొచ్చిన మనిషి చెయ్యి చాపుతాడు. కోతో పులో చాపదు. నెత్తురు కావాలంటే ముందు దాన్ని పట్టాలి, మత్తివ్వాలి. పట్టుబడ్డ భయానికే దాని ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను అమాంతం ఎగబాకుతుంది, ఇక కొలిచి ఏం లాభం? అందుకని పెంట ఏరుకుంటారు. హార్మోను తన పని అయిపోయాక కాలేయంలో ముక్కలై, కొంత మూత్రంలోకి, కొంత పైత్యరసంతో పేగుల్లోకి పోతుంది. ఆ ముక్కల్ని కొలిస్తే లోపల ఏం జరిగిందో కాస్త ఆలస్యంగానైనా తెలుస్తుంది.

ఈ విద్యకు మన దగ్గర చిరునామా హైదరాబాద్ అత్తాపూర్. కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ల లాకోన్స్, అంటే అంతరించిపోతున్న జంతువుల సంరక్షణ ప్రయోగశాల, అక్కడే ఉంది. 2007 ఫిబ్రవరిలో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని జాతికి అంకితం చేశారు. అంతకు ముందు ఏడాదే అక్కడి శాస్త్రవేత్తల చేతుల మీదుగా కృత్రిమ గర్భధారణతో చుక్కల దుప్పి పిల్ల పుట్టింది, స్పాటీ అని పేరు పెట్టుకున్నారు. శాస్త్రవేత్త జి. ఉమాపతి బృందం అక్కడ ఏళ్లుగా ఈ పెంట లెక్కలే చూస్తోంది. అనమలై సింహపుతోక కోతుల మీద చూసింది, నెహ్రూ జూ మూషిక జింకల మీద చూసింది. కన్హా, బాంధవ్‌గఢ్ పులుల మీద చూసినప్పుడు, టూరిస్టు జీపులు తిరిగే కాలంలో వాటి ఒంట్లో ఒత్తిడి హార్మోను పెరుగుతోందని 2019లో బయటపెట్టింది. పులిని ముట్టుకోకుండానే.

పని మాత్రం ఓపికతో కూడుకున్నది. పెంట తాజాది కావాలి, మూత్రం తగలనిది కావాలి. ఎండకు ఎండినా వానకు తడిసినా లెక్క తప్పుతుంది. అందులోని బ్యాక్టీరియా ఊరుకోదు, ఉన్న హార్మోనును ఇంకా ముక్కలు చేస్తూనే ఉంటుంది. దొరికిందే తడవుగా ఆల్కహాలులోనో ఐసుపెట్టెలోనో పడెయ్యాలి. ల్యాబుకు చేరాక ఆరబెట్టి, పొడికొట్టి, జల్లించి గింజలూ పీచూ తీసేయాలి. తూకం వేసి ఆల్కహాలు పోసి గట్టిగా కుదిపి సెంట్రిఫ్యూజులో తిప్పితే పైన తేటనీరు నిలుస్తుంది. సరుకంతా ఆ తేటలోనే.

అక్కణ్నుంచి నాకు అలవాటైన ఎలైసా పరీక్ష. ప్లేటుకు 96 గడులు. గడి అడుగున హార్మోనును పట్టుకునే యాంటీబాడీలు లెక్కగా అతికించి ఉంటాయి. నమూనా పోసి, దాంతోపాటు రంగు పుట్టించే ఎంజైము తగిలించిన హార్మోనును కూడా పోస్తాం. దసరా సెలవుల్లో సత్తుపల్లి బస్టాండులో ఖమ్మం బస్సు ఆగినప్పటి సంగతే అనుకోండి, ఉన్న నాలుగు సీట్లకు రెండు గుంపులు ఎగబడతాయి. నమూనాలోది ఎక్కువుంటే రంగుదానికి చోటు దొరకదు, కడిగేసరికి కొట్టుకుపోతుంది. అంచేత హార్మోను ఎక్కువున్న గడి వెలిసిపోయి కనిపిస్తుంది, లేని గడి ముదురు పసుపు తిరుగుతుంది. కొత్తగా పనిలో చేరిన పిల్లలు దీన్ని తలకిందులుగా చదివి రిపోర్టు రాయబోవడం నాకు మామూలే.

ఇంత చేస్తే చేతికొచ్చేది ఒక అంకె. అది ఎవరిదో తెలియాలి కదా. పేరు రాయని ట్యూబు వస్తే నేను సింకులో పారబోస్తాను. అడవిలో ట్యూబు మీద పేరు రాసేవాడు చెట్టుకింద తెల్లవారుజాము నుంచి మెడ పైకెత్తి కూర్చున్న మనిషి. ఏ జంతువో, దాని వయసెంతో, ఎప్పుడు జతకట్టిందో, పెంట ఏ గంటకు పడిందో అతనికి తెలియాలి. పేపరు మీద పేర్లు ప్రొఫెసర్లవి ముందుంటాయి. నన్నడిగితే ఈ శాస్త్రమంతా ఆ చెట్టుకింది మనిషి మీదే నిలబడి ఉంది. మిషన్లు డబ్బులు పెడితే వస్తాయి.

చంద్రుగొండ వైపు నుంచి షుగరు పరీక్షకొచ్చే కోయ పెద్దాయన ఒకరున్నారు. ఎలుగు పెంట చూస్తే ఏం తెలుస్తది తాతా అని అడిగాను. ‘‘తునికిపండ్లు తిన్నదా ఇప్పపువ్వు తిన్నదా తెలుస్తది. రాత్రి పోయిందా, పొద్దున పోయిందా తెలుస్తది. కడుపుతో ఉన్నదో లేదో అంటే మాత్రం మీ మిషనే చెప్పాలె సారూ’’ అన్నాడు. సగం రిపోర్టు ఆయన అక్కడికక్కడే ఇచ్చేశాడు.

మనకు దగ్గరి చుట్టాలైన పెద్ద వానరాలు, అంటే చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్, మన అడవుల్లో లేవు. వాటి మీద పని ఆఫ్రికాలో, ఇండోనేషియాలో సాగుతోంది. అక్కడ పెంటతో పాటు మూత్రం కూడా పడతారు. పంగలకర్రకు ప్లాస్టిక్ సంచి కట్టి చెట్టుకింద నిలబడటం, ఆకుల మీద పడిన చుక్కల్ని పిపెట్‌తో పీల్చుకోవడం, అదీ పరిశోధన. బోర్నియోలోని గునుంగ్ పలుంగ్ అడవిలో పరిశోధకురాలు షెరిల్ నాట్ ఇలాగే ఒరాంగుటాన్ల మూత్రం పట్టి చూశారు. పండ్లు విరగకాసిన కాలంలో ఆడవాటి ఈస్ట్రోజెన్ పెరిగింది. పండ్లు లేని కాలంలో మూత్రంలో కీటోన్లు కనిపించాయి, అంటే తిండి చాలక ఒంట్లో కొవ్వే కరుగుతోందన్నమాట. కడుపు నిండితేనే కడుపు పండేది. ఒరాంగుటాన్ ఒక కాన్పుకూ ఇంకో కాన్పుకూ మధ్య ఏడెనిమిదేళ్లు ఎందుకు ఆగుతుందో ఆ మూత్రపు చుక్కల్లో కొంత తెలిసింది.

ఉగాండాలోని ఎన్‌గోగో చింపాంజీల కబురు ఇంకా తాజాది. 1995 నుంచి 2016 వరకు 185 ఆడ చింపాంజీల జీవితాలు రాసిపెట్టుకుని, వాటిలో 66 చింపాంజీల మూత్రం పరీక్షించి 2023లో ‘సైన్స్’ పత్రికలో వేశారు. యాభై ఏళ్లు దాటిన ఆడవాటి హార్మోన్లు, ముట్లుడిగిన మన ఆడవాళ్ల హార్మోన్ల తీరులోనే ఉన్నాయి. కానుపులు ఆగిపోయాక కూడా ఏళ్ల తరబడి బతికినవి ఉన్నాయి. ఆ వయసు రిపోర్టులు నేను వారం వారం టైపు చేస్తుంటాను. ఆ అంకెలు అడవిలోనూ కనపడ్డాయని చదివిన రోజు పక్క ల్యాబు రిపోర్టు చూసినట్టే అనిపించింది.

మళ్లీ ఒరాంగుటాన్ల మాటకొస్తే, వాటి తిండి తీసిన చెట్టు మా దగ్గరా ఉంది. మా పక్కనే దమ్మపేట, అశ్వారావుపేట. ఎటు చూసినా పామాయిల్ తోటలు. కోతుల బెడద తక్కువని కూడా మా రైతులు ఈ పంటకు మళ్లారు. అదే చెట్టు కోసం బోర్నియోలో, సుమత్రాలో అడవి కొట్టి ఒరాంగుటాన్ల నోటికాడి పండు తీసేశారు. ఇక్కడివి చాలావరకు సాగుభూములే, ఆ పాపం మాకు అంటగట్టొద్దు. కానీ మన దేశం దిగుమతి చేసుకునే పామాయిల్ చాలావరకు ఆ వైపు దేశాలదే.

ఏడెనిమిదేళ్లకో పిల్ల పుట్టే జాతికి అడవి పోతే కోలుకోవడం ఉండదు. మా ఇంటి మీది కోతికి గర్భం అయిదున్నర నెలలే, తిండి దొరికితే ఏటా పిల్ల. అందుకే 2020 డిసెంబరులో నిర్మల్ దగ్గర చించోలిలో కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కేంద్రం పెట్టారు. హిమాచల్‌లో 2007 నుంచి లక్షన్నరకు పైగా కోతులకు చేశారు. రైతు బాధ చూస్తే ఎవరూ వద్దనరు. మొక్కజొన్న, కూరపాదులు పెట్టడమే మానేసిన ఊళ్లు మా చుట్టూ ఉన్నాయి.

కాకపోతే ఇక్కడో తిరకాసు ఉంది. గోదావరికి ఉత్తరాన ఎర్రమూతి కోతి, దక్షిణాన టోపీ కోతి అని పుస్తకాల్లో పాత లెక్క. ఇప్పుడు ఎర్రమూతిది నది దాటి దక్షిణానికి వచ్చేసింది, టోపీ కోతి వెనక్కి తగ్గుతోంది. ఊళ్లో పట్టి దూరపు అడవిలో వదిలిపెట్టడం ఈ వలసకు తోడైంది. ఒక ఊరి బెడద ఇంకో ఊరి నెత్తిన, ఒక జాతిని ఇంకో జాతి నెత్తిన రుద్దడం అది. ఆ ఎర్రమూతి కోతి వైద్యానికి చేసిన మేలు చిన్నది కాదు. 1970ల్లో పిట్స్‌బర్గ్‌లో శాస్త్రవేత్త ఎర్నస్ట్ నోబిల్ వాటి మీదే పని చేసి, మెదడు నుంచి సంతానోత్పత్తిని నడిపే ఒక హార్మోను గంటకో విడతగా వస్తేనే అండాశయం పని చేస్తుందని, ఏకధారగా ఎక్కిస్తే ఆగిపోతుందని తేల్చారు. సంతానం కోసం తిరిగే దంపతులకు ఐవీఎఫ్ ఆసుపత్రుల్లో ఇస్తున్న ఇంజెక్షన్లలో కొన్ని ఆ సూత్రం మీద నడిచేవే. పరిశోధనలకని ఏటా వేల కోతులు మన దేశం నుంచి ఓడలూ విమానాలూ ఎక్కేవి. 1978లో ఎగుమతి ఆపేశారు.

చట్టం కూడా ఈ రెండు జాతుల కోతులనూ వేరుగానే చూస్తోంది. 2022 సవరణతో ఎర్రమూతి కోతి వన్యప్రాణి చట్టం షెడ్యూళ్ల నుంచి బయటికి పోయింది. టోపీ కోతి మొదటి షెడ్యూల్లో ఉంది.

కాబట్టి మున్సిపాలిటీ, పంచాయతీ పెద్దలకు నా మనవి. బోనులు పెట్టించే ముందు తేడా తెలిసిన మనిషిని ఒకణ్ని బోను దగ్గర నిలబెట్టండి. తోక ఒంటికన్నా పొడుగ్గా ఉండి, నడినెత్తి నుంచి జుట్టు చుట్టూ పరుచుకుని ఉంటే అది టోపీ కోతి, దాని మీద చెయ్యి వెయ్యకుండా అటవీ శాఖకు కబురు పెట్టండి. తోక ఒంట్లో సగమే ఉండి, నడుము కింద బొచ్చు నారింజ రంగు తిరిగి, పిరుదులు ఎర్రబడి ఉంటే ఎర్రమూతిది, ఆపరేషన్‌కు పంపేది దాన్ని. ఈ పరీక్షకు నా ల్యాబు అక్కర్లేదు, రుసుమూ లేదు.