కొట్టివేసిన బాకీ

క్రైస్తవ బోధలో క్షమించడమంటే బాకీ కొట్టివేయడం. కొత్త నిబంధన గ్రీకు మూలంలో క్షమకు తరచుగా కనిపించే క్రియ 'అఫియేమి'. విడిచిపెట్టడమని దాని అర్థం. అప్పు రద్దు చేయడానికీ అదే మాట. మత్తయి సువార్తలోని పరలోక ప్రార్థన తప్పులను ఋణాలుగానే చెబుతుంది, తెలుగు బైబిలు కూడా ఆ మాటనే నిలుపుకుంది. తెలుగువారికి ఈ పోలిక దగ్గరిదే. అప్పు తీర్చుకున్నట్టే పగ కూడా తీర్చుకుంటానంటారు. వాడుకలో క్షమాపణ 'చెప్పేది', 'అడిగేది' తప్పు చేసినవాడు. చర్చి భాషలో క్షమాపణ దేవుడు ఇచ్చేది, మనిషి పొందేది. ఈ తేడా తెలిస్తేనే క్రైస్తవులు చెప్పే క్షమ ఎక్కడ మొదలవుతుందో అర్థమవుతుంది. అది పొందినవాడు ఇంకొకరికి ఇవ్వవలసినది.

మత్తయి 18వ అధ్యాయంలోని ఉపమానం ఈ లెక్కను విప్పి చూపుతుంది. సహోదరుణ్ణి ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని శిష్యుడు పేతురు అడుగుతాడు. యేసు ఆ ఏడును డెబ్బై ఏడుల మారులకు పెంచి ఒక కథ చెబుతాడు. ఒక దాసుడు రాజుకు 10,000 తలాంతులు బాకీ పడ్డాడు. తీర్చే దారి లేక కాళ్ల మీద పడితే రాజు మొత్తం వదిలేశాడు. ఆ దాసుడే బయటికి వెళ్లి, తనకు 100 దేనారాలు ఇవ్వాల్సిన తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడు. దేనారం ఆనాటి కూలివాడి ఒకరోజు కూలి. తలాంతు సుమారు 6,000 దేనారాలు. అంటే రెండో బాకీ మూడు నాలుగు నెలల కూలి. మొదటిది 6 కోట్ల రోజుల కూలి, ఏడాదికి 300 రోజులు పనిచేసినా 2 లక్షల ఏళ్లకు గానీ తీరనిది. 100 దేనారాలు చిన్న మొత్తమని కథ అనదు. పేదవాడికి అది నిజంగానే పెద్ద సొమ్ము. అవతలివాడు చేసిన గాయం నిజమేనని ఒప్పుకుంటూనే, పొందిన క్షమ దానికి 6 లక్షల రెట్లని ఆ అంకెలు చెబుతాయి. ఇంకో సంగతి కూడా ఉంది. బాకీ రద్దయినా నష్టం మాయం కాలేదు, రాజు దాన్ని తన మీద వేసుకున్నాడు. క్రైస్తవులు సిలువను చూసేది ఈ వెలుగులోనే. శుభశుక్రవారం నాడు తెలుగు చర్చిల్లో ధ్యానించే, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో మొదటిది క్షమను కోరే ప్రార్థన.

కొట్టివేసిన బాకీని మళ్లీ రాసుకోకుండా కాపాడేది ప్రేమ. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయంలో, ప్రేమ అపకారాన్ని మనసులో ఉంచుకోదని చెప్పేచోట పౌలు వాడిన క్రియ లెక్కలు కట్టడానికి వాడే మాట. చేసిన కీడును ఖాతాలోకి ఎక్కించనిదే ప్రేమ. ఇక్కడ ప్రేమ అంటే ఇష్టం పుట్టడం కాదు. శత్రువు మీద ఇష్టం కలగమని ఎవరూ ఆజ్ఞాపించలేరు. అతని మేలు కోసం ప్రార్థించమని, ఆకలిగా ఉంటే అన్నం, దప్పికగా ఉంటే నీళ్లు ఇమ్మని చెప్పవచ్చు. కొండమీది ప్రసంగమూ, రోమా పత్రిక 12వ అధ్యాయమూ చెప్పేది ఇదే.

నష్టాన్ని మోసి, మేలు చేయడానికి బలం కావాలి. ఆత్మ ఫలమని గలతీ పత్రిక పేర్కొన్న తొమ్మిది గుణాల్లో ప్రేమ మొదటిది, ఆశానిగ్రహం చివరిది. మధ్యలో దీర్ఘశాంతం ఉంది. దాని గ్రీకు మాటలో 'దీర్ఘం', 'కోపం' అనే రెండు పదాలున్నాయి. కోపం రావడానికి ఎంతో సమయం పట్టే మనసు అది. వీటిని ఫలమనడంలోనే అవి ఒక్క రోజులో చేతికి రావన్న సంగతి ఉంది. అంతరంగ పురుషుడు, అంటే లోపలి మనిషి, దేవుని ఆత్మ వల్ల బలపడాలన్నది ఎఫెసీ పత్రికలోని ప్రార్థన. పళ్లు బిగపట్టి ఓర్చుకోవడం వేరు, ఈ బలం వేరు. ఇది ప్రార్థనలో అడిగి పొందేది.

క్షమను లొంగుబాటుగా బోధించడం ఈ బోధకే ద్రోహం. ఉపమానానికి ముందే, అదే అధ్యాయంలో, తప్పు చేసినవాణ్ణి నిలదీసే పద్ధతి ఉంది. మొదట ఒంటరిగా వెళ్లి చెప్పాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. పశ్చాత్తాపం లేనిచోట పగ వదిలేయడం ఒక్కరివల్ల అవుతుంది, సమాధానపడటానికి మాత్రం ఇద్దరూ కావాలి. దెబ్బలు తినే భార్యను క్షమిస్తూ ఆ ఇంట్లోనే పడి ఉండమనడం క్రీస్తు బోధ కాదు.

క్షమకూ న్యాయానికీ పోటీ లేదని మన దేశంలోనే ఒక జీవితం చూపింది. ఆస్ట్రేలియా నుంచి వచ్చి ఒడిశాలోని బారిపదలో కుష్ఠురోగులకు సేవచేసిన గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు చిన్న కొడుకులను 1999 జనవరి 22 అర్ధరాత్రి దాటాక మనోహర్‌పూర్‌లో, వాహనంలో నిద్రిస్తుండగా దుండగుల గుంపు సజీవంగా తగలబెట్టింది. హంతకులను క్షమిస్తున్నానని ఆయన భార్య గ్లాడిస్ ప్రకటించారు. క్షమ వేరు, నేరానికి చట్టం వేసే శిక్ష వేరు అని కూడా ఆమె స్పష్టం చేశారు. కోర్టులు తమ పని చేశాయి, ప్రధాన దోషి యావజ్జీవ శిక్షను సుప్రీంకోర్టు 2011లో ఖరారు చేసింది. ఆమె తన పని తాను చేశారు. బారిపదలోనే ఉండి 2004 దాకా కుష్ఠురోగుల ఆశ్రమాన్ని నడిపించారు. 2005లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. ఆమె మోసిన నష్టం ఎవరూ పూడ్చలేనిది. ఆ ఖాతాను పగతో నింపకుండా, రోగుల సేవలో కొనసాగడమే ఆమె బలం.

అంత పెద్ద గాయం అందరికీ తగలదు. గట్టు తగాదా, ఆస్తి పంపకంలో మాట, పెళ్లిలో జరిగిన అవమానం వంటి నూరు దేనారాల బాకీలే ఎక్కువమంది ఇళ్లలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతూ సహోదరుడికి తనమీద ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని యేసు చెప్పాడు. ప్రభువు బల్ల సంస్కారానికి ముందు తమను తాము పరీక్షించుకునే వేళ విశ్వాసులు ఆ మాటను తలచుకుంటారు. తలచుకుంటే సరిపోదు. గడప దాటి, మాటలు ఆగిపోయిన ఆ ఇంటి తలుపు తట్టాలి.